అతినీలలోహిత కాంతికి ఏ గాజు మేలు: ఫ్లోరైడా, ఫాస్ఫేటా?

లేజర్‌తోనో దీపంతోనో వెలిగిస్తే అతినీలలోహిత కాంతినిచ్చే గాజు చేయాలనుకుందాం. మఫిల్ ఫర్నేస్ (కొలిమి), అల్యూమినా క్రూసిబుల్ (మూస), ఇత్తడి అచ్చు ఉంటే చాలు, ఫాస్ఫేట్, బోరేట్ గాజులు హనుమకొండలోనే పోసుకోవచ్చు. ఫ్లోరైడ్ గాజుకు గ్లవ్ బాక్స్ (గాలి, తేమ చొరబడని పెట్టె), ప్లాటినం క్రూసిబుల్ కావాలి. మరి ఉన్నదానితో సరిపెట్టుకుంటే పోలేదా? అది కాంతినివ్వడానికి గాజులో ఏ అయాన్ కలుపుతాం, దానికి శక్తినిచ్చే కాంతి (పంప్) ఏది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

థూలియం వేసి ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌తో పంప్ చేస్తుంటే ఫ్లోరైడే, రెండో మాట లేదు. 360 నానోమీటర్ల కాంతి రావాలంటే థూలియం ఎలక్ట్రాన్ శక్తి స్థాయుల మీద మెట్టు మెట్టుగా పైకెక్కాలి. పై మెట్టుకు పెద్దగా ఇబ్బంది లేదు, దాని కింద దాదాపు 6500 సెం.మీ⁻¹ (శక్తిని కొలిచే ప్రమాణం) ఖాళీ ఉంది. దెబ్బ పడేది దారిలో, 3హెచ్4 అనే మెట్టు దగ్గర. అక్కడ ఖాళీ సుమారు 4300. ఫోనాన్ అంటే గాజులోని అణువుల కంపనపు శక్తి మూట; సిలికాలో దాని శక్తి 1100 కాబట్టి నాలుగు ఫోనాన్లతో దాన్ని దాటేస్తుంది, ఎలక్ట్రాన్ పదుల మైక్రోసెకన్లలోనే జారిపోతుంది. ఫాస్ఫేట్, బోరేట్‌లలో ఇంకా త్వరగా. జెడ్‌బ్లాన్ అనే ఫ్లోరైడ్ గాజులో ఫోనాన్ 580 మాత్రమే. ఎలక్ట్రాన్ అదే మెట్టు మీద మిల్లీసెకన్ పైనే నిలబడుతుంది, తర్వాతి ఫోటాన్ వచ్చి పైకి లాగేదాకా. నియోడైమియం ఫైబర్ 381 నానోమీటర్ల దగ్గర గది ఉష్ణోగ్రతలో లేజర్‌గా పనిచేసిందీ (1994) ఈ గాజులోనే.

తెల్యూరైట్ (తెల్లూరియం ఆక్సైడ్ గాజు) మధ్యేమార్గంలా కనిపిస్తుంది: ఫోనాన్ 750 దగ్గర, గాలిలోనే కరుగుతుంది. కానీ 350–400 నానోమీటర్ల దగ్గరే కాంతిని మింగేస్తుంది. నీలం దాకా అయితే వాడండి.

గడోలినియం అయాన్ సంగతి వేరు. 311 నానోమీటర్లిచ్చే మెట్టు కింద 32 వేల సెం.మీ⁻¹ ఖాళీ; ఫోనాన్లు ఏమీ చేయలేవు. 275 నానోమీటర్ల కాంతితో నేరుగా పంప్ చేస్తే బోరేట్ కూడా బాగా వెలుగుతుంది. అయితే ఉద్గారం భూస్థితికే (అన్నిటికంటే కింది మెట్టుకే) దిగుతుంది గనుక లేజర్ కష్టం. దీపానికి సరే, ఫైబర్ లేజర్‌కు కాదు.

జెడ్‌బ్లాన్ పాళ్లు మోల్ శాతంలో: జిర్కోనియం 53, బేరియం 20, లాంథనం 4, అల్యూమినియం 3, సోడియం 20, అన్నీ ఫ్లోరైడ్లే. లాంథనంలో 0.2 తగ్గించి థూలియం వేయాలంటే 20 గ్రాముల బ్యాచ్‌కు 63 మిల్లీగ్రాముల థూలియం ఫ్లోరైడ్ సరిపోతుంది. ఎక్కువ వేస్తే అయాన్లు పక్కవాటికి శక్తి పంచేసి కిందికి దిగుతాయి, అతినీలలోహితం తగ్గుతుంది. 850 డిగ్రీల దగ్గర పొడి నైట్రోజన్‌లో కరిగించి, 250కి వేడి చేసిన ఇత్తడి అచ్చులో పోయాలి. వరంగల్‌లో జులై ముసురు పట్టిందంటే తూకం గ్లవ్ బాక్స్‌లోనే. తేమ చేరితే గాజు పాలరంగుకు తిరుగుతుంది. నల్ల చుక్కలు వస్తే జిర్కోనియం క్షయకరణం చెందినట్టు.

ఫాస్ఫేట్ ఎంచుకుంటే అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌ను 300–400 డిగ్రీల మధ్య నెమ్మదిగా వేడి చేయాలి, తొందరపడితే నురుగై పొంగి క్రూసిబుల్ దాటుతుంది. ముడిసరుకులో ఇనుము ఆనవాళ్లుంటే కాంతి లోపలే ఆగిపోతుంది, 99.99 స్వచ్ఛత తప్పదు.

కొలతలో ఒక మోసం ఉంది. ట్యూబ్‌లైట్‌లోని పాదరసం 365 దగ్గర రేఖ ఇస్తుంది, థూలియం రేఖకు అంటుకునే ఉంటుంది. పంప్ లేజర్‌కు అడ్డంగా ఇనుప రేకు పెట్టి చూడండి. స్పెక్ట్రమ్‌లో ఆ శిఖరం అలాగే ఉంటే అది మీ గాజుది కాదు, పైకప్పు ట్యూబ్‌లైట్‌ది.