సెయింట్ అగస్టీన్ తీరం: ఏది చూడాలి, ఏది వదలాలి

ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు సెయింట్ అగస్టీన్ తప్పని మజిలీ. కారులో గంట ప్రయాణం. వచ్చినవాళ్ళలో చాలామంది ఊరు తిప్పే ట్రాలీ బండి ఎక్కి, సెయింట్ జార్జ్ వీధిలో ఐస్‌క్రీం తిని, కోట ముందు ఫోటో దిగి వెళ్ళిపోతారు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు. ఈ తీరాన్ని రాయి వెంట చూడాలి. నీటిపారుదల శాఖలో రాళ్ళూ సున్నంతోనే ఉద్యోగమంతా గడిచింది కాబట్టి నాకు అలా తోచిందని మా అమ్మాయి అంటుంది. కావచ్చు. కానీ నేను చెప్పిన వరుసలో తిరిగాక మా అల్లుడుగారు కూడా ట్రాలీ మాట ఎత్తలేదు.

ఆ రాయి పేరు కొకీనా. చిన్న చిన్న గుల్లలు వేల ఏళ్ళపాటు ఒకదానిపై ఒకటి పేరుకుని, వాన నీటిలో కరిగిన సున్నమే జిగురుగా పనిచేసి గట్టిపడగా తయారైనది. తవ్వినప్పుడు మెత్తగా ఉంటుంది, తడి ఆరేకొద్దీ గట్టిపడుతుంది. దాన్ని పుట్టినచోట చూడాలంటే ఏ1ఏ రోడ్డు పట్టుకుని దక్షిణంగా వాషింగ్టన్ ఓక్స్ గార్డెన్స్ స్టేట్ పార్కుకు వెళ్ళాలి. కారుకు 5 డాలర్లు. రోడ్డుకు ఒక పక్క నది, గులాబీ తోట, నాచు గడ్డాలు వేలాడే ముసలి ఓక్ చెట్లు. రెండో పక్క సముద్రం. అక్కడ నీళ్ళు వెనక్కి తీసినప్పుడు గుంటలు పడిన కొకీనా బండలు ఒడ్డు పొడవునా బయటపడతాయి. ఇది స్నానానికి పనికొచ్చే ఒడ్డు కాదు, కాళ్ళు కోసుకుంటాయి. చూడటానికి మాత్రం దీనికి సాటి వచ్చే తీరం చుట్టుపక్కల నాకు కనబడలేదు.

తిరుగు దారిలో ఫోర్ట్ మటాంజాస్. ఇది ఉచితం. కోట దాకా తీసుకెళ్ళే పడవ కూడా ఉచితమే, సందర్శకుల కేంద్రంలో పాసు తీసుకుంటే చాలు. గాలీ వానా ఎక్కువైతే పడవ నడపరు కాబట్టి ముందే కనుక్కోండి. కోట అనే మాట దీనికి పెద్దది, నిజానికి ఒక కాపలా బురుజు. 1740లో ఇంగ్లీషువాళ్ళు సెయింట్ అగస్టీన్‌ను ముట్టడించి విఫలమయ్యాక, ఊరికి వెనక తలుపులాంటి ఈ సముద్రపు పాయను కాయడానికి స్పానిష్‌వాళ్ళు 1742 నాటికి దీన్ని కట్టారు. నన్ను ఆకట్టుకున్నది పైన కనిపించేది కాదు, కింద ఉన్నది. చిత్తడి నేలలో ఇంత బరువు ఎలా నిలిచిందంటే, బురదలోకి లోతుగా పైన్ దుంగలు దించి వాటిమీద రాతికట్టు లేపారు. మా ధవళేశ్వరంలో కాటన్ దొర ఇసుకలో బావులు దింపి ఆనకట్టకు పునాది వేశాడు. నేల మెత్తనైనచోట ఎవరి ఉపాయం వాళ్ళది. ఈ సంగతి అడిగితే అక్కడి రేంజరు సంతోషపడిపోయి, పడవ ఎక్కించాల్సిన సమయం దాటేదాకా మాట్లాడాడు.

అక్కడినుంచి ఉత్తరానికి వస్తే అనస్తేసియా స్టేట్ పార్కు, కారుకు 8 డాలర్లు. ఇసుక మెత్తగా, తెల్లగా ఉంటుంది. ఈత కొట్టేవాళ్ళకు ఇదే సరైన చోటు, ఎర్రజెండా ఎగిరితే మాత్రం నీళ్ళలోకి దిగకండి. మే నుంచి అక్టోబరు వరకు తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, గూళ్ళ చుట్టూ కర్రలు పాతి గుర్తులు పెడతారు. అందరూ నేరుగా బీచికి పోతారు గానీ, లోపలికి వెళ్ళే దారిలోనే స్పానిష్‌వాళ్ళు రాయి తవ్విన పాత క్వారీ ఉంది. ఇప్పుడది చెట్లు కమ్ముకున్న పల్లం. బోర్డు చదవకపోతే మామూలు గుంటే అనుకుంటారు. ఇక్కడ కోసిన రాయినే తెప్పలమీద అవతలి ఒడ్డుకు చేర్చి పెద్దకోట కట్టారు.

ఇక ఆ కోట, కాస్టియో డె సాన్ మార్కోస్. నేను వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకు టికెట్టు 15 డాలర్లు, 16 ఏళ్ళలోపు పిల్లలకు లేదు. ఒకసారి కొంటే ఏడు రోజులు చెల్లుతుంది. ఈ డబ్బు దండగ కాదు. ఊరు 1565లో వెలిసింది. వందేళ్ళపాటు కొయ్య కోటలే కట్టుకున్నారు, అవి కుళ్ళేవి, కాలేవి. 1668లో సముద్రపు దొంగలు ఊరిని దోచాక 1672లో రాతికోట మొదలుపెట్టి 1695లో పూర్తిచేశారు. హవానా నుంచి తాపీవాళ్ళు వచ్చారు. మోతపని మాత్రం చాలావరకు స్థానిక ఆదివాసులది. ఆల్చిప్పలు కాల్చి సున్నం చేశారు. మన కోస్తాలో గుల్ల సున్నం తెలిసినవాళ్ళకు ఆ గోడ సందుల్లో చూడగానే అర్థమవుతుంది. రేవు వైపు గోడ మందం 19 అడుగులు.

1702లో కరోలినా నుంచి వచ్చిన ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులు పేల్చినప్పుడు దాదాపు 1,500 మంది జనం ఈ గోడల మధ్య తలదాచుకున్నారు. శత్రువులు ఊరిని తగలబెట్టారు గానీ కోటను పట్టుకోలేకపోయారు. గట్టి రాయి అయితే దెబ్బకు పగిలి చీలికలు లేచేది. ఈ రాయి నిండా బోలు ఉండటంతో గుండు లోపలికి నొక్కుకుపోయి ఆగిపోయింది. బలహీనమైన రాయి అని మా శాఖలో పక్కన పెట్టేసే సరుకే ఇక్కడ ఊరి ప్రాణాలు కాచింది. మీరు వెళ్తే మాత్రం గోడలకు ఆనుకోవద్దు, ఎక్కవద్దు. అది చేతి రాపిడికి కూడా అరుగుతుంది. బోర్డులు ఉన్నా పిల్లల్ని గోడమీద కూర్చోబెట్టి ఫోటోలు తీసేవాళ్ళను చూసి నా ప్రాణం విసిగింది.

పైన ఫిరంగులు పేల్చి చూపే ప్రదర్శన కన్నా కింది గదులు చూడండి. 1837లో సెమినోల్ అనే ఆదివాసుల నాయకుడు ఓసియోలాను ఇక్కడే బంధించారు. 1875 నుంచి 1878 వరకు మైదాన ప్రాంతాల ఆదివాసులను ఖైదు చేసిందీ ఇక్కడే. వాళ్ళు లెక్కల పుస్తకాల కాగితాలమీద గీసిన బొమ్మలకు తరవాత చాలా పేరొచ్చింది. ఊరికి ఉత్తరాన ఫోర్ట్ మోసె ఉంది. ఇంగ్లీషు తోటల బానిసత్వం తప్పించుకుని వచ్చినవాళ్ళకు స్పానిష్ ప్రభుత్వం 1738లో స్వేచ్ఛనిచ్చి ఏర్పాటు చేసిన ఊరు అది. ట్రాలీలో పాత రికార్డు పెట్టి జోకులు వినిపించారు గానీ ఈ ఊరి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నా ఫిర్యాదు అదే.

మరో రోజు ఉంటే ఉత్తరాన గ్వానా టొలొమాటో మటాంజాస్ రిజర్వుకు పొండి, పార్కింగుకు 3 డాలర్లు. గ్వానా ఆనకట్టకు ఒక పక్క చెరువు, ఒక పక్క పోటుపాట్ల ఉప్పునీరు. ఆనకట్టమీద నిలబడి పీతలు పట్టేవాళ్ళు, కొంగలు, గులాబి రంగు స్పూన్‌బిల్లులు. ఉప్పు గడ్డి చిత్తడిలో అక్కడక్కడా మడ మొక్కలు కనబడ్డాయి. చలి గట్టిగా పడినప్పుడు చచ్చిపోయే ఈ చెట్లు చలి తగ్గేకొద్దీ ఉత్తరానికి పాకుతున్నాయి. మన కోరింగలో అడవిగా నిలిచే చెట్టు ఇక్కడ ఇంకా మోకాలెత్తున సరిహద్దు కాపలా కాస్తోంది. సాయంత్రం కంటికి ఆనని పురుగులు దోమతెరల్లోంచి కూడా దూరి కుడతాయి, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

లైట్‌హౌసు 219 మెట్లు మోకాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకు. ఫ్లాగ్లర్ కాలేజీ బయటినుంచి చూసినా చాలు. 1888లో హోటలుగా తెరిచిన ఆ భవనం కాంక్రీటులో కూడా కొకీనా పొడే. శాకాహారులకు ఊళ్ళో తిండి చవకా కాదు, రుచీ లేదు. పులిహోర కట్టుకెళ్ళండి. నవంబరు నుంచి మార్చి మేలు, వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో పోతాయి. బయలుదేరే ముందురోజు రాత్రి ఫోనులో పోటుపాట్ల వేళలు చూసుకుని, పాటు సమయానికి వాషింగ్టన్ ఓక్స్ చేరేలా లెక్క వేసుకోండి. మిగతా వరుసంతా దాన్నిబట్టే.