ఒకే ఫోల్డర్, మూడు సిస్టమ్‌లు: ఆరేళ్లు సాంబా వాడాక

విజయవాడలో మాది శుభలేఖల ప్రెస్. డిజైన్ చేసేది మాక్ మీద. తెలుగు మ్యాటర్ కొట్టేది విండోస్ మీద, అను ఫాంట్లన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి. ఈ రెండింటికీ మధ్యలో ఒక పాత పీసీకి ఉబుంటు లినక్స్ ఎక్కించి, సాంబాతో షేర్డ్ ఫోల్డర్ పెట్టాను. లినక్స్ సిస్టమ్‌లోని ఫోల్డర్‌ని విండోస్, మాక్‌లకు నెట్‌వర్క్ మీద అందించే సాఫ్ట్‌వేర్ సాంబా. ఆరేళ్లుగా మా పనంతా ఆ ఫోల్డర్‌లోనే. ఫైళ్లు పంచుకోవడంలో సాంబా మమ్మల్ని ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బందంతా మేం పెట్టకుండానే అందులోకి వచ్చి కూర్చునే ఫైళ్లతోనే.

పెట్టిన వారానికే డీటీపీ చేసే అమ్మాయి కంగారుగా పిలిచింది. "అన్నా, ఫోల్డర్‌కి వైరస్ పట్టింది." వెళ్లి చూశాను. ప్రతి ఫోటో పక్కనా అదే పేరుతో ఇంకో ఫైలు, పేరుకి ముందు ఒక చుక్క, ఒక అండర్‌స్కోర్. అన్నీ 4 కేబీయే. ఏది నొక్కినా తెరుచుకోదు.

అది వైరస్ కాదు. మాక్‌లో ఫైలుకి అసలు డేటాతో పాటు లేబుల్ రంగు, ఎక్కడి నుంచి డౌన్‌లోడ్ అయింది లాంటి వివరాలు కూడా అంటుకుని ఉంటాయి. మాక్ సొంత డిస్కులో వాటికి చోటుంది. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లోనో, మామూలు సెట్టింగులతో ఉన్న సాంబా ఫోల్డర్‌లోనో చోటు దొరకదు. అప్పుడు మాక్ ఆ వివరాలను పక్కనే ఇంకో ఫైలుగా రాసిపెడుతుంది. దీన్ని యాపిల్‌డబుల్ అంటారు. పేరు చుక్కతో మొదలైతే మాక్, లినక్స్ దాన్ని చూపించవు. విండోస్ పేరు చూడదు, ఫైలుకి హిడెన్ అనే గుర్తు ఉందా లేదా అని చూస్తుంది. సాంబా ఆ గుర్తు పెట్టే పంపుతుంది గానీ, మా అమ్మాయి సిస్టమ్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని టిక్ పెట్టి ఉంది.

ముందు నేను చేసింది వీటో. ఇలాంటి పేర్లున్న ఫైళ్లను రానివ్వొద్దని సాంబా సెట్టింగుల ఫైల్లో ఒక లైన్ రాశాను. ఫోల్డర్ శుభ్రంగా కనిపించింది. మర్నాటి నుంచి మాక్‌లోంచి కొన్ని ఫైళ్లు కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోయి మైనస్ 36 ఎర్రర్. తను రాయాల్సిన పక్క ఫైలుని రాయనివ్వకపోతే మాక్‌లో ఫైళ్ల పని చూసే ఫైండర్ కాపీ మొత్తాన్నే ఆపేస్తోంది. వీటో తీసేశాను.

తర్వాత చేసిన తప్పు ఇంకా పెద్దది. రోజూ రాత్రి ఆ చుక్క ఫైళ్లన్నిటినీ చెరిపేసేలా ఒక చిన్న స్క్రిప్ట్ రాశాను. అదే వారంలో ఒక సీనియర్ ఆర్టిస్టు తన పాత మాక్ ఫాంట్లు ఇస్తే ఫోల్డర్‌లో వేసుకున్నాం. ఆ కాలం మాక్ ఫాంట్లలో అక్షరాల డేటా అంతా రిసోర్స్ ఫోర్క్ అనే భాగంలో ఉంటుంది. అంటే షేర్డ్ ఫోల్డర్‌లో అసలు ఫాంటు ఉన్నది ఆ చుక్క ఫైల్లోనే! పొద్దున్నే చూస్తే ఫాంట్ల పేర్లు ఉన్నాయి, ప్రతిదాని సైజూ సున్నా. ఆయన హార్డ్‌డిస్క్ ఇంకా భద్రంగా ఉండబట్టి మళ్లీ తెచ్చుకున్నాం. ఆ స్క్రిప్ట్ ఆరోజే తీసేశాను.

మాకు నిజంగా కుదిరింది సాంబాలోనే మాక్‌ల కోసం ఉన్న ఫ్రూట్ మాడ్యూల్. 2015లో 4.2 వెర్షన్‌తో వచ్చింది. దీనికి తోడు స్ట్రీమ్స్ ఎక్స్‌యాటర్ అనే మాడ్యూల్ పెడితే, మాక్ వివరాలు లినక్స్ డిస్కులో అసలు ఫైలుకే అంటుకుని ఉంటాయి. విండోస్ వైపు చుక్క ఫైలు కనబడదు. ఒక్క ఫోల్డర్‌కి కాకుండా అన్ని షేర్లకూ పెట్టాలి. మొదట కనెక్ట్ అయిన షేర్‌లో ఫ్రూట్ లేకపోతే మిగతావాటిలో కూడా మాక్ ఆ సౌకర్యం వాడుకోదు.

బ్యాకప్ దగ్గర మాత్రం జాగ్రత్త. పార్టీ ప్రూఫ్ ఓకే చేస్తే ఆ ఫైలుకి మేం ఆకుపచ్చ లేబుల్ పెడతాం. ఒకసారి బ్యాకప్ నుంచి వెనక్కి తెస్తే కార్డులన్నీ వచ్చాయి, పచ్చ రంగు ఒక్కదానికీ లేదు. ఏది ఓకే అయిందో తెలియక పెళ్లివాళ్లందరికీ మళ్లీ ఫోన్లు చేశాం. బ్యాకప్ కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్‌కి, ఎక్స్‌యాటర్లు, అంటే ఫైలుకి అంటుకున్న ఆ వివరాలు కూడా తీసుకెళ్లమని విడిగా చెప్పాలి. బ్యాకప్ డిస్కు కూడా ఈఎక్స్‌టీ4 లాంటి, వాటిని దాచుకోగల ఫార్మాట్‌లో ఉండాలి.

మాక్ ఫోల్డర్లలో పెట్టే ఇంకో ఫైలు, డీఎస్ స్టోర్, ఇంత కష్టపెట్టదు. ఐకాన్లు ఎక్కడున్నాయి, ఫోల్డర్ ఎలా కనబడాలి లాంటివే అందులో ఉంటాయి. నెట్‌వర్క్ ఫోల్డర్లలో దాన్ని రాయొద్దని మాక్ టెర్మినల్‌లో ఒక్క కమాండ్ ఇచ్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే చాలు. ఫోటోల చిన్న బొమ్మలు (థంబ్‌నెయిల్స్) రాసుకోవడానికి విండోస్ పెట్టే థంబ్స్ డీబీయే మొండిది. ఖాళీ ఫోల్డర్ డిలీట్ చేయబోతే ఫైలు వాడుకలో ఉందంటూ అడ్డుపడుతుంది. నెట్‌వర్క్ ఫోల్డర్లలో థంబ్‌నెయిల్స్ రాసిపెట్టొద్దని విండోస్ గ్రూప్ పాలసీ సెట్టింగుల్లో పెట్టాకే వదిలింది. హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ లేదు, అదే పని రిజిస్ట్రీలో చేయాలి.

పెన్‌డ్రైవ్‌ల సంగతి సాంబా చేతిలో లేదు. డిజిటల్ ప్రింట్‌కి పంపితే మెషిన్ స్క్రీన్ మీద ఒకే పీడీఎఫ్ రెండుసార్లు కనబడుతుంది, ఆపరేటర్ 4 కేబీ దాన్ని నొక్కి "ఫైలు పాడైంది సార్" అని ఫోన్ చేస్తాడు. అందుకని పెన్‌డ్రైవ్ బయటికి వెళ్లేముందు మాక్‌లో ఆ చుక్క ఫైళ్లను తీసేసే డాట్ క్లీన్ కమాండ్ నడుపుతాం. దానికంటే ముందు, పక్కనున్న అసలు ఫైళ్లలో దేని సైజైనా సున్నా ఉందేమో నేనే ఒకసారి చూస్తాను.