పాత ల్యాప్‌టాప్‌కి ర్యామ్ వేయించాలా, ఎస్‌ఎస్‌డీ వేయించాలా: ఏది మేలు?

మా మేనకోడలి ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. ఐ3-5005యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి టీ పెట్టుకుని తాగేసి వచ్చినా ఆ చక్రం గిర్రున తిరుగుతూనే ఉంటది. "మామయ్యా, ర్యామ్ వేయిస్తే సరిపోద్దా?" అంది. అందరూ అడిగేది ఇదే, ఫోన్లు కొని కొని మనకి ర్యామ్ అనే మాట బాగా అలవాటైపోయింది కదా.

డబ్బులు తీసేముందు ఒక పని చేయండి. రోజూ వాడేవన్నీ తెరిచి పెట్టి, అంటే క్రోమ్‌లో పది ట్యాబులు, వర్డు, ఒక ఆన్‌లైన్ క్లాసు, అప్పుడు కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో మెమరీ (అంటే ర్యామే) ఎంత, డిస్క్ ఎంత అని చూడండి. మా పిల్లదాంట్లో మెమరీ 90 శాతం దాటింది, డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ర్యామ్ అంటే నడుస్తున్న పనులు పెట్టుకునే తాత్కాలిక చోటు, అది చాలకపోతే విండోస్ కొంత సరుకు తీసి డిస్క్ మీద పెట్టి కావాల్సినప్పుడు మళ్లీ తెచ్చుకుంటది, అంటే వంటగట్టు మీద చోటు లేక గిన్నెలు మేడ మీద పెట్టి ప్రతి పోపుకీ మెట్లెక్కి దిగినట్టు అన్నమాట. ర్యామ్ పెంచితే గట్టు పెద్దదవుద్ది. ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్, వేస్తే మేడ మీది సామాను పక్క గదిలోకి వచ్చేస్తది.

అందుకని పాత తిరిగే హార్డ్ డిస్కే ఉండి, ఒక్కదానికే బడ్జెట్ ఉంటే, నేను ఎస్‌ఎస్‌డీ అనే అంటాను. బూట్ అవ్వడం, సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం, అప్‌డేట్‌లు, ఇవన్నీ ఎక్కువగా డిస్క్ మీద ఆధారపడతాయి, 16 జీబీ ర్యామ్ వేసినా 5400 ఆర్‌పీఎం (నిమిషానికి 5400 సార్లు తిరిగే) డిస్క్ దాని నడకే నడుస్తది. అదే ఆల్రెడీ ఎస్‌ఎస్‌డీ ఉండి, మెమరీ మాత్రమే నిండిపోతుంటే ఇంకో ఆలోచనే లేదు, ర్యామే.

ర్యామ్‌లో మళ్లీ రెండు దారులు. రెండో స్లాట్ ఖాళీగా ఉంటే 4 పక్కన ఇంకో 4 పెట్టడం, లేదా ఉన్నది తీసేసి ఒకటే 8 వేయడం. నాకు 4+4 నచ్చుద్ది, రెండూ కలిసి డ్యూయల్ చానెల్‌లో, అంటే ఒకేసారి రెండు దారుల్లో, పనిచేస్తాయి, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ఇలాంటి వాటిల్లో వీడియోలకి కూడా కాస్త సాయం. కొన్ని మోడల్స్‌లో మాత్రం ఒక ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటది, ఒకటే స్లాట్ ఉంటది, మూత విప్పి చూసుకున్నాకే కొనండి. విండోస్ 32 బిట్ అయితే 4 జీబీ మించి వేసినా వాడుకోదు, ముందు 64 బిట్ వేయించాలి.

నేను చేసిన తప్పు కూడా చెప్తా. షాపులో డీడీఆర్3 (ఇలాంటి పాత ల్యాప్‌టాప్‌ల ర్యామ్ రకం) అడిగితే 1.5 వోల్టులది ఇచ్చాడు, నేనూ చూడకుండా తెచ్చేశా. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, గాటు కూడా అదే కదా, కానీ స్క్రీన్ నల్లగానే ఉంది. స్లాట్ పోయిందేమో అని ర్యామ్ కాళ్లు రబ్బరుతో రుద్ది మళ్లీ మళ్లీ పెట్టి గంట వేస్ట్ చేశా. ఆ ప్రాసెసర్‌కి కావాల్సింది 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్, చివర ఆ ఎల్ ఉందా లేదా చూసుకోవాలి. డీడీఆర్4 అయితే అసలు పట్టదు, దాని పిన్నులే వేరు, అది 260, ఇది 204. బిగించేముందు ఛార్జర్ తీసేయండి, బ్యాటరీ కూడా వేరు చేయండి.

మరి ఇవన్నీ మానేసి వేరే ల్యాప్‌టాప్ కొంటే? విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు 8వ తరం నుంచే అఫీషియల్‌గా ఎక్కుద్ది, మా దానిది 5వ తరం. కాబట్టి దీనిమీద ఎక్కువ పోయడం దండగ. డబ్బులుంటే 8వ తరం సెకండ్‌హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్ మేలు. లేవంటే చిన్న ఎస్‌ఎస్‌డీ, వాడిన 4 జీబీ ర్యామ్ స్టిక్, దాని మీద విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్.

మేం రెండోదే చేశాం. తీసేసిన పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టాం, ఇప్పుడు అందులో మా అక్క పెళ్లి వీడియోలున్నాయి.