ఇంజిన్‌ఎక్స్ రివర్స్ ప్రాక్సీ: అడగనిదే ఏదీ చెప్పదు

కొన్నేళ్లుగా నేను చూసుకునే వెబ్‌సైట్లన్నిటికీ ముందు వాకిలి ఇంజిన్‌ఎక్సే. ఇదొక వెబ్ సర్వర్; బయటి నుంచి వచ్చే రిక్వెస్టులు అందుకుని వెనకున్న సర్వర్లకు చేరవేసే రివర్స్ ప్రాక్సీగా దీన్ని వాడతాను. వెనక పీహెచ్‌పీ సైట్లకు ఒక సర్వర్, నోడ్ అప్లికేషన్లకు ఇంకో రెండు. బయటికి కనిపించే ఐపీ అడ్రస్ మాత్రం ఒక్కటే. 2004లో విడుదలైనప్పటి నుంచీ దీనికి వేగంలో పేరుంది, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అసలు జాగ్రత్తగా ఉండాల్సింది దీని డిఫాల్ట్‌లతోనే, అంటే మనం ఏమీ రాయకపోతే ఇది తనంతట తాను పాటించే పద్ధతులతోనే.

వచ్చిన డొమైన్ పేరు ఏ సర్వర్ బ్లాక్‌లోనూ (కాన్ఫిగరేషన్‌లో ఒక్కో సైటుకు రాసే భాగం) లేదనుకోండి. ఎర్రర్ ఇవ్వదు. ఆ పోర్టుకు రాసిన బ్లాకుల్లో మొదటిదానికి అప్పజెప్పేస్తుంది. సైటుకో ఫైలు పెట్టుకునేవాళ్లకు అక్షర క్రమంలో ముందున్న సైటే దిక్కులేని రిక్వెస్టులన్నిటికీ దిక్కవుతుంది. డిఫాల్ట్_సర్వర్ అని విడిగా ఒక బ్లాక్ రాసి, రిటర్న్ 444తో కనెక్షన్ తెంచేయడమే మేలు.

ఇంతకన్నా ఇబ్బంది పెట్టేవి హెడర్లు, అంటే రిక్వెస్ట్‌తో పాటు వెనక సర్వర్‌కు పంపే వివరాలు. హోస్ట్ (డొమైన్ పేరు), ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ (యూజర్ ఐపీ), ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో (హెచ్‌టీటీపీనా, హెచ్‌టీటీపీఎస్సా) సర్వర్ బ్లాక్ పైన ఒకసారి రాస్తే కింది లొకేషన్లకూ (సైటులో ఒక్కో దారికి రాసే భాగాలు) వర్తిస్తాయి. కానీ ఏదో ఒక లొకేషన్‌లో వెబ్‌సాకెట్ (తెరిచే ఉంచే రెండువైపుల కనెక్షన్) కోసం అప్‌గ్రేడ్ హెడర్ ఒక్కటి చేర్చారా, పైవన్నీ అక్కడ రద్దు. వార్నింగ్ కూడా రాదు. ప్రోటో హెడర్ అందకపోతే వెనకున్న అప్లికేషన్ ఇది మామూలు హెచ్‌టీటీపీ అనుకుని, హెచ్‌టీటీపీఎస్‌కు రీడైరెక్ట్ చేస్తూనే ఉంటుంది. చివరికి రీడైరెక్ట్‌లు మరీ ఎక్కువయ్యాయని బ్రౌజరే చేతులెత్తేస్తుంది. నేనైతే ఈ హెడర్లన్నీ ఒక చిన్న ఫైల్లో పెట్టి, ప్రతి లొకేషన్‌లోనూ ఇన్‌క్లూడ్ చేస్తాను. చూడ్డానికి అంత బాగుండదు గానీ టెన్షన్ ఉండదు.

రిక్వెస్ట్‌ను ఏ సర్వర్‌కు పంపాలో చెప్పే ప్రాక్సీ_పాస్ చివర స్లాష్ పెడితే లొకేషన్‌లో రాసిన భాగం తీసేసి పంపుతుంది, పెట్టకపోతే ఉన్నదున్నట్టు పంపుతుంది. డిఫాల్ట్‌గా అప్‌లోడ్ పరిమితి 1 ఎంబీ, బ్యాకెండ్ (వెనకున్న సర్వర్) జవాబు కోసం ఆగేది 60 సెకన్లు. ఎవరైనా 413 (పంపింది మరీ పెద్దది) అనో 504 (జవాబు సమయానికి రాలేదు) అనో ఫిర్యాదు చేస్తే ముందు చూడాల్సింది ఈ రెండే.

రీలోడ్‌ను (ఆపకుండానే కొత్త కాన్ఫిగరేషన్ ఎక్కించడం) మాత్రం నిజంగా మెచ్చుకోవాలి. కొత్త కాన్ఫిగరేషన్‌లో తప్పుంటే పాతదే నడుస్తుంది. బాగుంటే పాత వర్కర్లు (రిక్వెస్టులు చూసే ప్రాసెస్‌లు) చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగించుకుని తప్పుకుంటాయి. ఇన్ని సైట్లున్నచోట ఒకదాన్ని మార్చడానికి మిగతావాటిని ఆపక్కర్లేదంటే అది చిన్న సంగతి కాదు.

నాకున్న పెద్ద అసంతృప్తి హెల్త్ చెక్‌ల విషయంలో, అంటే వెనక సర్వర్ పనిచేస్తోందో లేదో చూడటంలో. ఉచిత వెర్షన్ బ్యాకెండ్‌ను తనంతట తాను పలకరించి చూడదు. అసలు యూజర్ రిక్వెస్ట్ ఒకటి విఫలమయ్యాకే ఆ సర్వర్‌ను 10 సెకన్లు పక్కన పెడుతుంది. ముందే కనిపెట్టే సౌకర్యం డబ్బు కట్టే వెర్షన్ ఇంజిన్‌ఎక్స్ ప్లస్‌లో ఉంది. ఇలాంటి పనే చేసే మరో ప్రాక్సీ హెచ్ఏప్రాక్సీలో అదే సౌకర్యం ఉచితం. కాబట్టి ఒకే సైటును చాలా సర్వర్ల మీద నడిపేవాళ్లకు నేను హెచ్ఏప్రాక్సీనే చెప్తాను. నాలాగా చాలా సైట్లు, ఒక్కోదానికి ఒకటో రెండో సర్వర్లు ఉంటే ఇంజిన్‌ఎక్స్ చాలు.