ఎనిమిది అక్టోబరులు, ఒక దుర్భిణి

ఈ 8×42 దుర్భిణిని, అంటే ఎనిమిది రెట్లు పెంచి చూపించే, ముందు అద్దాలు 42 మిల్లీమీటర్ల వెడల్పున్న బైనాక్యులర్‌ను, 2018 వేసవిలో కొన్నాను. మొదటి రెండేళ్లు నా ఒక్కడి మెడలోనే ఉంది. తర్వాత మా అక్క కూతురితో పంచుకున్నాను. నిరుటి నుంచి దాదాపు ఆమెదే అయిపోయింది. ఈ తరగతిలో నాలుగైదు కంపెనీలు ఇంచుమించు ఒకే రకం సరుకు అమ్ముతున్నాయి కనుక కంపెనీ పేరు రాయడం లేదు. పిల్లను వెంటబెట్టుకుని ఎల్క్ వేటకు వెళ్లేవారికి దుర్భిణి ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది అన్నదే నేను చెప్పదలచుకున్నది.

ఎల్క్ ఉత్తర అమెరికా కొండల్లో తిరిగే పెద్ద జాతి దుప్పి. మన అడవుల్లో కణితిని చూసినవారు అంతకంటే ఎత్తు, బరువు ఉన్న జంతువును ఊహించుకోవచ్చు. ఆడది సుమారు 225 కిలోలు, మగది 320 కిలోలు తూగుతుంది. అమెరికాలో ఇవి అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది మేముండే కొలరాడో రాష్ట్రంలోనే. ఇక్కడ పెద్ద జంతువుల వేటకు లైసెన్సు 12 ఏళ్లకు ఇస్తారు, దానికి ముందు వేట భద్రత శిక్షణ పూర్తిచేసిన కార్డు ఉండాలి. 12 నుంచి 15 ఏళ్ల వరకు పక్కన పెద్దవారు ఉండి తీరాలి. ఒకరికొకరు మామూలు కంటికి కనిపిస్తూ, మాట వినిపించేంత దగ్గరలో ఉండాలి. ఆ పెద్దవారి స్థానంలో నాలుగేళ్లుగా నేనున్నాను.

మొదట అసలు విషయం. చాలామంది పిల్లలకు ముందు తుపాకీ కొంటారు, దుర్భిణి సంగతి తర్వాత చూద్దామనుకుంటారు. అది పొరపాటని నా గట్టి నమ్మకం. దుర్భిణి లేని పిల్ల దూరాన ఏదో కదిలితే రైఫిల్ మీద గురి చూడటానికి బిగించిన స్కోపులోంచి చూస్తుంది. స్కోపు ఎటు తిరిగితే గొట్టం అటు తిరుగుతుంది. అక్కడ ఉన్నది నారింజ చొక్కా వేసుకున్న మరో వేటగాడైతే? అందుకే మా మధ్య ఉన్న మొదటి నియమం ఇది: వెతకడం దుర్భిణితోనే. ఇదేమిటి, ఆడదా మగదా, వెనుక ఏముంది అన్న మూడు ప్రశ్నలకు ఆమె నోటితో జవాబు చెప్పేదాకా రైఫిల్ సంచి మీదే ఉంటుంది, దాని ఛాంబర్‌లో, అంటే కాల్చే ముందు తూటా కూర్చునే చోట, తూటా ఉండదు.

ఎనిమిది రెట్లే ఎందుకు, పది రెట్లు చూపించేది కొనవచ్చు కదా అని మిత్రులు అడుగుతుంటారు. నా దగ్గర 10×42 కూడా ఉంది. దానిలో వెయ్యి మీటర్ల దూరాన దాదాపు 113 మీటర్ల వెడల్పు కనిపిస్తే, దీనిలో 140 మీటర్లు కనిపిస్తుంది. కొండవాలు మీద ఒకచోట చూపించి "అదిగో, విరిగిన ఆస్పెన్ చెట్టుకు ఎడమ పక్కన" అన్నప్పుడు పిల్ల ఆ చోటు పట్టుకోవాలంటే ఈ వెడల్పు కావాలి. పైగా పదింతలు పెంచితే చేతి వణుకు కూడా పదింతలు పెరుగుతుంది. పన్నెండేళ్ల చేతులు చలిలో ఎంత వణుకుతాయో చూసినవారికే తెలుస్తుంది. వెలుతురు సంగతి మరీ ముఖ్యం. 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు. కంటిపాప మీద పడే వెలుగు వృత్తం వెడల్పు అది. 10×42లో 4.2 మాత్రమే. ఇక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి వేటకు అనుమతి ఉంది. ఎల్క్ మంద పచ్చిక మైదానంలో మేసి చీకటి అడవిలోకి మళ్లేది సరిగ్గా ఆ అరగంటలోనే. ఆ తేడా కంటికి స్పష్టంగా తెలుస్తుంది.

ఇక నేను చేసిన తప్పు. 2020లో, ఆమెకు పదేళ్లప్పుడు, లైసెన్సు లేకుండా చూడటానికే వెంట వచ్చింది. దుర్భిణి ఇస్తే ఒక కన్ను మూసుకుని చూసేది. "రెండు కళ్లతో చూడమ్మా, సరిగా పట్టుకో" అని రెండు రోజులు విసుక్కున్నాను. పాపం, ఏమీ అనకుండా ప్రయత్నించేది. మూడో రోజు సాయంత్రం "మామయ్యా, నాకు రెండు గుండ్రాలు కనిపిస్తున్నాయి, కలవడం లేదు" అంది. ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిస్తే ఆమె కంటిపాపల మధ్య దూరం 54 మిల్లీమీటర్లు. ఈ దుర్భిణి ఎంత మడిచినా 56కు తగ్గదు. తప్పు ఆమె చేతిలో లేదు, నేను కొన్న వస్తువులో ఉంది. నేను విసుక్కున్న ఆ రెండు రోజులు ఇప్పటికీ బాధపెడతాయి. పెట్టె మీద ఈ కొలత చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, పిల్లలకు కొనేవారు ముందు అది చూడండి. పన్నెండేళ్లు వచ్చేసరికి ఆమె కళ్లకు ఇది సరిపోయింది.

చలిలో పనితీరు గురించి. మేము వెళ్లేది వాల్డెన్ ఊరి చుట్టుపక్కల, నార్త్ పార్క్ అనే పెద్ద లోయకు. ఫోర్ట్ కాలిన్స్ నగరం నుంచి 10,276 అడుగుల ఎత్తున్న కామెరాన్ కనుమ దాటి వెళ్లాలి. అక్టోబరు చివర తెల్లవారుజామున సున్నాకు పది డిగ్రీలు కిందికి పోవడం మామూలే. అంత చలిలో ఫోకస్ చక్రం బిగుసుకుపోతుంది. చేతి తొడుగుతో పిల్ల తిప్పలేదు. లోపల నైట్రోజన్ నింపి ఉండటం వల్ల అద్దాల లోపలి వైపు ఎప్పుడూ ఆవిరి పట్టలేదు. బయటి వైపు మాత్రం నోటి ఆవిరి క్షణంలో గడ్డకడుతుంది. వెచ్చగా ఉంటుందని కోటు లోపల దాస్తే ఒంటి ఆవిరి పట్టి మసకబారుతుంది, కోటు మీదే ఉంచాలి. ఊపిరి పక్కకు వదలడం ఆమె తనంతట తానే నేర్చుకుంది.

బరువు 670 గ్రాములు. మెడపట్టీతో మధ్యాహ్నానికల్లా మెడ లాగేస్తుంది. వీపు మీద అడ్డంగా వెళ్లే పట్టీలు, ఛాతీ మీద సంచి ఉన్నది కొన్నాక ఆ ఇబ్బంది పోయింది, కానీ ఇంకొకటి వచ్చింది. నడుము పైభాగాన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు కనిపించాలని ఇక్కడి చట్టం, టోపీ కూడా అదే రంగుది కావాలి. చిన్న పిల్ల ఛాతీ మీద ఈ సంచి కట్టేసరికి ముందువైపు రంగు సగం కప్పుకుపోయింది. పెద్దల సైజు చొక్కా కొని కోటు మీద వేశాం. వదులుగా ఉన్నా ఫరవాలేదు.

2023 అక్టోబరు ఉదయం ఒకటి చెప్పాలి. ఆమె చేతిలో ఆడ ఎల్క్ ట్యాగ్, అంటే ఒక ఆడ ఎల్క్‌ను మాత్రమే కాల్చడానికి అనుమతి చీటీ, ఉంది. సూర్యోదయానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. వాగు పక్కన విల్లో పొదల్లో, రెండు వందల గజాల లోపు, ఒక పెద్ద నల్లటి ఆకారం కదిలింది. "మామయ్యా, ఎల్క్!" అని గుసగుసలాడింది. నా కంటికీ అలాగే అనిపించింది, కానీ నేను నోరు విప్పలేదు. ఆమె సంచి మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, దుర్భిణి ఎత్తింది. చాలాసేపు చూసింది. "తోక చుట్టూ లేత రంగు మచ్చ లేదు. ఒళ్లంతా ఒకటే నలుపు. కాళ్లు మాత్రం బూడిదరంగు. ముక్కు కిందికి వంగి ఉంది." ఒక్క క్షణం ఆగి, "మూస్, మామయ్యా" అంది. మూస్ అంటే ఎల్క్ కంటే పెద్దదైన మరో జాతి దుప్పి. దాని వెనుక నుంచి దాని దూడ కూడా బయటికి వచ్చింది. ఈ లోయలో మూస్‌లను 1978లో పన్నెండింటిని తెచ్చి వదిలారు, ఇప్పుడు పొదకొకటి ఉన్నట్టు కనిపిస్తాయి. ఎల్క్ అనుకుని వాటిని కాల్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఉదయం పదమూడేళ్ల పిల్ల పొరపాటు చేయకుండా ఆపింది ఆ 5.25 మిల్లీమీటర్ల వెలుగే. నాకు ఇంకేమీ అక్కర్లేదు, ఆ ఒక్క రోజుతో దీని ఖరీదు తీరిపోయింది.

మరుసటి ఏడు ఆమెకు మొదటి ఎల్క్ దొరికింది. 160 గజాల దూరం, ఒంటరి ఆడది కాదు, ఆరింటి మంద. తూటా ఒకదానిని దాటి వెనుకనున్న దానికి తగలకూడదు. అందుకని అది మంద నుంచి విడివడేదాకా పదకొండు నిమిషాలు దుర్భిణిలోంచే చూసింది, ఆ తర్వాతే రైఫిల్ అందుకుంది. పని ముగించి మాంసం కారు దాకా మోసుకొచ్చేసరికి సాయంత్రమైంది. మా అక్క ఆ చలికాలమంతా దానితో గోంగూర మాంసం వండింది.

ఎలా వెతకాలో దుర్భిణితో నేర్పడం సులువని కూడా తెలిసింది. అడవిలో అన్నీ నిలువు గీతలే. చెట్ల మధ్య ఎక్కడైనా అడ్డగీత కనిపిస్తే ఆగి చూడమంటాను. అది కూలిన మాను కావచ్చు, ఎల్క్ వీపు కావచ్చు. ఇప్పుడు ఆ అడ్డగీతలు నాకంటే ముందు ఆమెకే కనిపిస్తున్నాయి.

లోపాలు దాచను. ఐదో ఏట కుడివైపు రబ్బరు తొడుగు ఊడటం మొదలైంది. వారంటీ కింద పంపితే బాగుచేసి ఇచ్చారు కానీ ఏడు వారాలు పట్టింది. ఆగస్టులో పంపడంతో వేటకాలం ముందు వరకు గుండె దడదడలాడింది. పంపేవారు జనవరిలో పంపండి. ముందు అద్దాల మూతలు మొదటి ఏడాదిలోనే పోయాయి. కుడి కంటి తేడా సరిచేసే రింగు తేలికగా జరిగిపోతుంది. నా కంటికి సరిపోయే చోట ఎర్రటి గోళ్ల రంగుతో చుక్క పెట్టుకున్నాను, ఆమె తన చోట నీలం చుక్క పెట్టుకుంది. చేతులు మారినప్పుడల్లా ఒక్కసారి చూసుకుంటే చాలు.

వచ్చే వసంతంలో ఆమెకు పదహారేళ్లు నిండుతాయి, పక్కన నేనుండాలన్న చట్టం అక్కడితో ఆగుతుంది. అయినా రమ్మంది. తనకు 10×42 కావాలని కూడా అడుగుతోంది. అది వణకకుండా నిలిపే మూడుకాళ్ల స్టాండు, ట్రైపాడ్, తనే మోస్తానంటే నాది ఇచ్చేస్తానన్నాను. ఇంకా జవాబు రాలేదు.