స్టాల్ టార్క్ కొలతకు హెచ్‌ఎక్స్711 లోడ్ సెల్ కిట్ సరిపోతుందా?

మోడల్ టర్బోప్రాప్ (ప్రొపెల్లర్‌ని తిప్పే చిన్న టర్బైన్ ఇంజిన్) ప్రాప్ షాఫ్ట్‌ని కదలనివ్వకుండా ఆపి టార్క్ (తిప్పే బలం), అంటే స్టాల్ టార్క్, చూడాలంటే బార్ లోడ్ సెల్ (బరువు పడితే సిగ్నల్ ఇచ్చే లోహపు కడ్డీ), ఆ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్711 బోర్డు, ఆ అంకెలు చదివే ఒక ఆర్డ్యునో (చిన్న కంట్రోలర్ బోర్డు) చాలు. వందల్లో అయిపోయే ఖర్చు. కొలత వరకు ఈ కిట్‌ని నమ్మవచ్చు. షాఫ్ట్‌ని పట్టి ఉంచే బాధ్యత మాత్రం దాని మీద పెట్టకూడదు.

ముందు సైజు. ఫ్రీ టర్బైన్ (కంప్రెసర్‌తో కలవని వేరే షాఫ్ట్ మీద ప్రాప్‌ని తిప్పే టర్బైన్) టార్క్ స్పీడ్ పెరిగేకొద్దీ దాదాపు సరళరేఖలో పడిపోతుంది. అందుకే ఆగి ఉన్నప్పటి టార్క్, గరిష్ఠ పవర్ దగ్గరి టార్క్‌కి ఇంచుమించు రెట్టింపు. ప్రాప్ 7000 ఆర్‌పీఎం దగ్గర 7 కిలోవాట్లు ఇచ్చే ఇంజిన్‌కి అక్కడ టార్క్ 9.5 న్యూటన్ మీటర్లు, స్టాల్‌లో 19. ప్రాప్ హబ్‌కి బిగించి సెల్ మీద నొక్కే చెయ్యి (లివర్) పొడవు 250 మిల్లీమీటర్లైతే సెల్ మీద దాదాపు 7.8 కిలోల బరువు పడుతుంది. 5 కిలోల సెల్ వంగిపోతుంది, 10 కిలోలది అంచు మీద ఉంటుంది. 20 కిలోలది తీసుకోండి. కంప్రెసర్, ప్రాప్ ఒకే షాఫ్ట్ మీద ఉన్న ఇంజిన్లకు ఈ పరీక్ష కుదరదు.

బోర్డు దగ్గరే అసలు చికాకు. ఎక్కువ బోర్డుల్లో రేట్ పిన్ (రీడింగుల వేగాన్ని నిర్ణయించేది) గ్రౌండ్‌కి కట్టేసి ఉంటుంది కాబట్టి సెకనుకు 10 రీడింగులే వస్తాయి. అంకె స్థిరపడటానికే 400 మిల్లీసెకన్లు. చిప్ 15వ కాలు లేపి పక్కనే ఉన్న 16వ కాలికి సోల్డర్ చేస్తే 80 వస్తాయి, నాయిస్ కాస్త పెరుగుతుంది. కొన్ని ఆకుపచ్చ బోర్డుల్లో ఇ మైనస్ (సెల్‌కి కరెంటు ఇచ్చే మైనస్ కనెక్షన్) గ్రౌండ్‌కి కలిసే ఉండదు. రీడింగ్ ఊరికే పాకుతుంటే సెల్‌ని తిట్టకుండా ముందు మల్టీమీటర్‌తో అది చూడండి.

సెల్ రెండు చివర్లా వాషర్లు వేసి నడుమ భాగం ఎక్కడా తగలకుండా బిగించాలి. చెయ్యి సెల్‌ని బోల్టుతో కాకుండా స్టీల్ బాల్‌తో తాకితే పక్క లోడు పడదు. కోణం 10 డిగ్రీలు తప్పినా ఒకటిన్నర శాతం పోయినట్టే. ఎగ్జాస్ట్ వేడికి జీరో జరిగిపోతుంది కాబట్టి నడుమ రేకు అడ్డు పెట్టండి.

కాలిబ్రేషన్‌కి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న తూకం రాళ్లు వాడండి. చెయ్యి బిగించాకే టేర్ చేసి (రీడింగ్‌ని సున్నాకి తెచ్చి) 1, 2, 5 కిలోలు వేలాడదీసి, అవే బరువుల దగ్గర దించుతూ మళ్లీ చూడండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అంకెలు కలవకపోతే ఎక్కడో రాపిడి ఉన్నట్టు.

ఇప్పుడు పట్టు సంగతి. చెయ్యి జారితే ప్రాప్ లేని ఫ్రీ టర్బైన్ క్షణంలో ఓవర్‌స్పీడ్‌కి పోయి బద్దలవ్వచ్చు. అందుకని హబ్‌కి అన్ని ప్రాప్ బోల్టులూ వేయాలి. సెల్ వంపుకి 1 మిల్లీమీటరు అవతల ఫ్రేముకి గట్టి స్టీల్ స్టాప్ ఉండాలి, సెల్ విరిగినా చెయ్యి దాని మీద ఆగాలి. చెయ్యి తిరిగే తలంలో గానీ, టర్బైన్ పక్కన గానీ ఎవరూ నిలబడొద్దు. ప్రాప్ గాలి ఉండదు కాబట్టి బ్లోయర్ పెట్టి, స్టాల్‌ని కొన్ని సెకన్లకే పరిమితం చేసి, ఎగ్జాస్ట్ టెంపరేచర్ మీద కన్నేసి ఉంచండి.

టార్క్ పక్కన గ్యాస్ జనరేటర్ (ఇంజిన్‌లో కంప్రెసర్, దాన్ని తిప్పే టర్బైన్ ఉన్న భాగం) ఆర్‌పీఎం, గాలి ఉష్ణోగ్రత, పీడనం కూడా రాసుకోండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. అక్కడి అంకెని విశాఖ అంకెతో నేరుగా పోల్చకూడదు.