పునరావాస వైద్యుల చదువు అప్పు: పీఎస్ఎల్ఎఫ్ మేలా, వీఏ సాయం మేలా?

"ఆంటీ, పీఎస్ఎల్ఎఫ్ పట్టుకుని ఉండాలా, వీఏ ఆసుపత్రిలో చేరి వాళ్ల సాయం తీసుకోవాలా?" అమెరికాలో పుట్టి పెరిగి, పునరావాస వైద్యంలో (గాయాలు, జబ్బుల తర్వాత మనిషిని మళ్లీ తన పనులు తాను చేసుకునేలా చేసే శాఖ) రెసిడెన్సీ ముగించబోతున్న మన పిల్లలు ఫోను చేసినప్పుడల్లా అడిగేది ఇదే. పీఎస్ఎల్ఎఫ్ అంటే ప్రభుత్వ సంస్థల్లోనో లాభాపేక్ష లేని సంస్థల్లోనో పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ చదువు అప్పును మాఫీ చేసే పథకం. వీఏ అంటే మాజీ సైనికుల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖ, తన ఆసుపత్రుల్లో చేరే వైద్యుల చదువు అప్పుకు సాయం చేస్తుంది.

నేను పీఎస్ఎల్ఎఫ్ వైపే మొగ్గుతాను. 120 వాయిదాలలో మన శాఖవాళ్లకు సగం దాకా శిక్షణలోనే గడిచిపోతాయి. రెసిడెన్సీ నాలుగేళ్లకు 48, ఆపైన వెన్నుపాము గాయాల మీదో మెదడు గాయాల మీదో ఏడాది ఫెలోషిప్ చేస్తే 60. ఆ రోజుల్లో జీతాన్ని బట్టి కట్టేది నెలకు మూడు నాలుగు వందల డాలర్లే. పట్టా చేతికి రాగానే అప్పులన్నిటినీ ఒకటిగా కలిపేసుకుంటే వాయిదాలు మొదలవక ముందు ఇచ్చే ఆరు నెలల గడువు వృథా కాదు. చివరికి మాఫీ అయిన సొమ్ముపై ఫెడరల్ ఆదాయపు పన్ను కూడా ఉండదు.

అయితే జీతం ఎవరిస్తున్నారన్నదే అన్నిటికన్నా ముఖ్యం. పునరావాస ఆసుపత్రులు చాలావరకు లాభాల కోసం నడిచేవి. ఎన్‌కాంపస్ హెల్త్ అలాంటిదే. షికాగోలోని షర్లీ రయాన్ ఎబిలిటీ ల్యాబ్ లాభాపేక్ష లేనిది. నాకు తెలిసిన ఒక వైద్యుడు లాభాపేక్ష లేని ఆసుపత్రిలోనే రెండేళ్లు రోగులను చూశాడు, కానీ జీతం ఇచ్చింది ఒక ప్రైవేటు వైద్యుల బృందం. ఆ 24 నెలల్లో ఒక్కటీ లెక్కకు రాలేదు. అతని బాధ చూశాక, ఎవరు అడిగినా ముందుగా జీతం, పన్ను వివరాలతో యజమాని ఏటా ఇచ్చే డబ్ల్యూ-2 పత్రంలో 'బి' గడి చూడమంటున్నాను. అందులోని యజమాని సంఖ్యను ఫెడరల్ విద్యార్థి రుణాల వెబ్‌సైటులో కొట్టి చూస్తే అర్హత తేలిపోతుంది. ఆసుపత్రులు వైద్యులను నేరుగా నియమించుకోవడానికి చట్టం అడ్డొచ్చే కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో మాత్రం, అలా ప్రైవేటు బృందం జీతమిచ్చినా ఆ నెలలను లెక్కలోకి తీసుకునే సడలింపు 2023 జులై నుంచి ఉంది.

వీఏ సాయం చిన్నదేమీ కాదు. ఏడాదికి 40 వేల డాలర్ల వరకు, ఐదేళ్లలో రెండు లక్షల దాకా ఇస్తారు. కానీ మీరు కట్టిన దాన్నే తిరిగి ఇస్తారు, అదీ అన్ని ఉద్యోగాలకూ ఉండదు. చేరకముందే అడిగి రాయించుకోవాలి. శిక్షణ కాలం లెక్కకు రానివారికి ఇదే మేలు. పైగా వీఏ ప్రభుత్వ సంస్థ కాబట్టి అక్కడి నెలలు పీఎస్ఎల్ఎఫ్‌కూ చెల్లుతాయి. రిచ్‌మండ్, టాంపా వంటి చోట్ల తీవ్ర గాయాలైన సైనికులకు చికిత్స చేసే కేంద్రాలున్నాయి. ఆ పని మీద మనసున్నవారికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

మిగతావాటిలో, వైద్యులు తక్కువగా ఉన్న ప్రాంతాల్లో పనిచేసేవారి అప్పు తీర్చే ఎన్‌హెచ్‌ఎస్‌సీ మన శాఖకు వర్తించదు. ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఏడాదికి 50 వేల డాలర్ల దాకా ఇచ్చేది పరిశోధకులకే. ఇరవై పాతికేళ్లు కట్టాక మాఫీ అయ్యే పథకంలో, వైద్యుడి జీతంతో అప్పటికి తీరని అప్పు పెద్దగా మిగలదు.

గత వారం ఫోను చేసిన అమ్మాయికి 42 వాయిదాలు పూర్తయ్యాయి. వడ్డీ తక్కువని అప్పును ప్రైవేటు బ్యాంకుకు మార్చేయమని వాళ్ల నాన్నగారు పట్టుబడుతున్నారట. అప్పు తలమీద ఉంటే నిద్ర పట్టని తరం ఆయనది. ఆ కాగితం మీద సంతకం పడితే అది ఇక ఫెడరల్ అప్పు కాదు, వెనక్కి మార్చుకునే దారీ ఉండదు. ఫోను ఆయనకు ఇవ్వమన్నాను.